మీ ల్యాప్‌టాప్‌లో ఒక చిన్న విశ్వం: కాస్మాలజీ సిమ్యులేషన్ సొంతంగా నడపడం ఎలా

నల్లటి తెర మీద ఊదారంగు దారాలు అల్లుకుంటూ, అవి ముడిపడిన చోటల్లా వెలుగు చిక్కబడుతూ సాగే వీడియోలు చాలామంది చూసే ఉంటారు. అలాంటిది ఇంట్లో ఉన్న కంప్యూటర్ మీద చేయగలమా అంటే, చేయగలం. 1985లో మార్క్ డేవిస్, జార్జ్ ఎఫ్‌స్టాథియూ, కార్లోస్ ఫ్రెంక్, సైమన్ వైట్ కలిసి కోల్డ్ డార్క్ మేటర్ (కంటికి కనపడని, నెమ్మదిగా కదిలే పదార్థం) సిద్ధాంతాన్ని సిమ్యులేషన్‌తో పరీక్షించినప్పుడు వాళ్ల దగ్గరున్నవి 32,768 కణాలు, అంటే పక్కకి 32 చొప్పున. ఈ రోజు 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ పక్కకి 128 చొప్పున, దాదాపు 21 లక్షల కణాలని కొన్ని గంటల్లో నడిపేస్తుంది. అంటే వాళ్లు వాడిన దానికి 64 రెట్లు. కావలసిన కోడ్‌లన్నీ ఉచితమే. ఫిజిక్స్‌లో డిగ్రీ స్థాయి, పైథాన్ కొంచెం, లినక్స్ టెర్మినల్ అంటే భయం లేకపోవడం, ఇవి ఉంటే చాలు.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఏ ప్రశ్నకి జవాబు కావాలో తేల్చుకోకుండా సిమ్యులేషన్ మొదలుపెడితే చివరికి మిగిలేది ఒక అందమైన బొమ్మ, అంతే. విశ్వం మనకి ఒక్కటే ఉంది, దాన్ని వెనక్కి తిప్పి, వ్యాకోచాన్ని వేగవంతం చేసే డార్క్ ఎనర్జీ తీసేసి మళ్లీ నడిపి చూడలేం, కానీ కంప్యూటర్‌లో చూడగలం. ఈ పద్ధతి బలమంతా అక్కడే ఉంది: మిగతావన్నీ అలాగే ఉంచి ఒక్కటి మార్చి, ఏం తేడా వచ్చిందో చూడటం. అందుకే ఈ గైడ్ కూడా ఒక ప్రశ్న చుట్టూనే రాస్తున్నాను: డార్క్ ఎనర్జీ లేని విశ్వంలో గెలాక్సీల గుంపులు ఎప్పుడు పుట్టి ఉండేవి?

అసలు కంప్యూటర్ చేసేదేంటి

విశ్వం వయసు 3 లక్షల 80 వేల ఏళ్లు ఉన్నప్పుడు బయల్దేరిన వెలుగే ఇప్పుడు మనకి మైక్రోవేవ్ నేపథ్యంగా, సీఎంబీగా అందుతోంది. అందులో ఎగుడుదిగుళ్లు దాదాపు లక్షలో ఒక వంతు. అప్పటినుంచి విశ్వం సుమారు 1100 రెట్లు సాగింది, చిన్న ఎగుడుదిగుళ్లు కూడా మహా అయితే అన్ని రెట్లే పెరుగుతాయి, అంటే లక్షలో ఒక వంతు కాస్తా వందలో ఒక వంతు అవుతుంది. దాంతో గెలాక్సీ పుట్టదు. మామూలు పదార్థం కాంతితో తోయబడుతూ ఆగిపోయిన ఆ రోజుల్లోనే, కాంతితో సంబంధం లేని డార్క్ మేటర్ ముందుగా ముద్దకట్టడం మొదలుపెట్టి ఉండాలి. ప్లాంక్ ఉపగ్రహం కొలతల ప్రకారం విశ్వంలో మొత్తం పదార్థం వాటా 31.5 శాతం, అందులో మామూలు పదార్థం సుమారు ఆరో వంతే. కాబట్టి గురుత్వాకర్షణ ఒక్కటే తెలిసిన డార్క్ మేటర్ కణాలతో మొదలుపెట్టడం మరీ పెద్ద మోసమేం కాదు, విశ్వం అస్థిపంజరం అంతా దాంతోనే వచ్చేస్తుంది.

పని చాలా సూటిగా ఉంటుంది. ఒక ఘనాకారపు డబ్బా తీసుకుంటాం, అందులో కణాలు పోస్తాం, ప్రతి కణం మీద మిగతావన్నీ ఎంత లాగుతున్నాయో లెక్కేస్తాం, కొంచెం కదుపుతాం, మళ్లీ లెక్కేస్తాం. డబ్బా కుడి గోడ దాటిన కణం ఎడమ గోడలోంచి లోపలికి వస్తుంది, కాబట్టి అంచు అనేదే ఉండదు. విశ్వం వ్యాకోచాన్ని అక్షాల్లోనే కలిపేస్తాం, డబ్బా సైజు స్థిరంగా కనబడుతుంది కానీ దాని కొలబద్ద సాగుతూ ఉంటుంది.

1941లో స్వీడన్‌లోని లుండ్‌లో ఎరిక్ హోల్మ్‌బెర్గ్ ఇదే పని కంప్యూటర్ లేకుండా చేశాడు. ఒక్కో గెలాక్సీకి 37 బల్బులు పెట్టి, ప్రతి బల్బు దగ్గరా వెలుగు ఎంత పడుతోందో కొలిచి దాన్నే గురుత్వాకర్షణగా తీసుకున్నాడు, ఎందుకంటే రెండూ దూరం వర్గాన్ని బట్టే తగ్గుతాయి. ఈ రంగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇది. తర్వాత 1970లో జిమ్ పీబుల్స్ 300 కణాలతో కోమా క్లస్టర్ అనే గెలాక్సీల గుంపు ఎలా ఏర్పడిందో నడిపి చూశాడు.

21 లక్షల కణాలకి జతలు లెక్కేస్తే 2.2 లక్షల కోట్లు అవుతాయి, అదీ ఒక్క అడుగుకి. అంత పని ఏ ల్యాప్‌టాప్ వల్లా కాదు. అందుకని రెండు ఉపాయాలు కలుపుతారు. దూరపు లాగుడుని ఒక గ్రిడ్ మీద ఫూరియర్ పరివర్తనతో లెక్కేస్తారు (పార్టికల్-మెష్, పొట్టిగా పీఎం), దగ్గరి లాగుడుని ట్రీ పద్ధతిలో, అంటే కాస్త దూరంగా ఉన్న కణాల గుంపుని ఒకే బరువుగా తీసుకుని లెక్కేస్తారు. ఈ కలయిక పేరు ట్రీపీఎం. మన దేశం నుంచి జస్జీత్ బాగ్లా 2002లో ట్రీపీఎం కోడ్ మీద పేపర్ ప్రచురించారు. అంతకుముందు 1997లో ఆయన, పద్మనాభన్ కలిసి ప్రమాణ అనే మన దేశపు జర్నల్‌లో ఎన్-బాడీ (ఇలా కణాలతో నడిపే) సిమ్యులేషన్ల మీద ఒక సమీక్ష రాశారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఇప్పటికీ చదవదగ్గ వ్యాసం అది, ఆర్కైవ్ (arXiv) వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది.

వీలైతే అసలు కోడ్ ముట్టుకునే ముందు పైథాన్‌లో ఒక చిన్న పీఎం కోడ్ మీరే రాయండి. కణాల బరువుని చుట్టుపక్కల ఎనిమిది గ్రిడ్ బిందువులకి పంచడం, నంపైలో ఫూరియర్ పరివర్తన, ప్రతి తరంగాన్నీ దాని తరంగ సంఖ్య వర్గంతో భాగించడం, వెనక్కి తిప్పడం, వాలు తీసి బలం కనుక్కోవడం, లీప్‌ఫ్రాగ్ పద్ధతిలో కణాలని జరపడం. అంతే ఉంది. పక్కకి 64 కణాలతో నిమిషాల్లో నడుస్తుంది. ఇది ఒక్కసారి చేతితో రాసినవాళ్లకి పెద్ద కోడ్ ఎర్రర్ ఇచ్చినప్పుడు టెన్షన్ ఉండదు, లోపల ఏ భాగం అలిగిందో ఊహించగలరు.

డబ్బా ఎంత, కణాలెన్ని

చాలామంది తొందరపడి దాటేసే చోటు ఇదే, అసలు ఫలితం మంచిచెడ్డలు నిర్ణయమయ్యేదీ ఇక్కడే. కాగితం మీద లెక్క వేసుకోకుండా ముందుకి వెళ్లకండి.

ఈ రంగంలో దూరాలని మెగాపార్‌సెక్‌లలో, అదీ హెచ్‌తో భాగించి రాస్తారు. హెచ్ అంటే విశ్వం ఇప్పుడు ఎంత వేగంగా వ్యాకోచిస్తోందో చెప్పే హబుల్ స్థిరాంకాన్ని 100తో భాగిస్తే వచ్చేది, ప్లాంక్ ప్రకారం 0.674. డబ్బా పక్క 50 మెగాపార్‌సెక్ పర్ హెచ్ అనుకుందాం. అంటే 74 మెగాపార్‌సెక్‌లు, దాదాపు 24 కోట్ల కాంతి సంవత్సరాలు. అందులో ఉండాల్సిన పదార్థం మొత్తాన్ని పక్కకి 128 కణాల చొప్పున పంచితే ఒక్కో కణం బరువు సుమారు 770 కోట్ల సూర్యుళ్లంత వస్తుంది. లెక్క ఇలా: క్రిటికల్ సాంద్రత అంటే ఒక ఘన మెగాపార్‌సెక్‌కి 27,750 కోట్ల సూర్యుళ్ల బరువు ఇంటూ హెచ్ వర్గం, దాన్ని పదార్థం వాటా 0.315తో, డబ్బా ఘనపరిమాణంతో గుణించి కణాల సంఖ్యతో భాగించడమే. పూర్తిగా హెచ్ యూనిట్లలోనే చేస్తే ఆ హెచ్ వర్గం అందులోనే కలిసిపోతుంది, జవాబు 520 కోట్లు అని వస్తుంది, చివర్లో దాన్ని 0.674తో భాగించడం మర్చిపోవద్దు. ఈ హెచ్ దగ్గర గందరగోళం వల్ల పాడయ్యే లెక్కలు అన్నీ ఇన్నీ కావు, కాబట్టి ప్రతి అంకె పక్కనా అది హెచ్‌తో ఉందా లేకుండానా అని రాసుకోవడం అలవాటు చేసుకోండి.

ఇప్పుడు ఆ అంకెకి అర్థమేంటో చూడండి. మన పాలపుంత చుట్టూ ఉన్న డార్క్ మేటర్ ముద్ద, దాన్నే హాలో అంటారు, సుమారు లక్ష కోట్ల సూర్యుళ్ల బరువు. మన సిమ్యులేషన్‌లో అది 130 కణాలు. ఉందని చెప్పొచ్చు, ఎక్కడుందో, ఎంత బరువుందో ఓ మాదిరిగా చెప్పొచ్చు, లోపల ఎలా ఉందో మాత్రం చెప్పలేం. పాలపుంత చుట్టూ తిరిగే చిన్న గెలాక్సీల గురించి ఈ డబ్బాని అడగనే కూడదు, వాటిలో చాలావాటికి ఒక్క కణం కూడా రాదు. కోటి కోట్ల సూర్యుళ్ల బరువున్న గుంపు మీ డబ్బాలో ఏర్పడితే దానికి 13 వేల దాకా కణాలు ఉంటాయి, దాని లోపలి సాంద్రత గీసి చూడొచ్చు. నా లెక్కలో 20, 30 కణాల హాలోని ఉన్నట్టుగా నమ్మకూడదు, బరువు చెప్పాలంటే కనీసం 100, లోపలి నిర్మాణం చెప్పాలంటే వెయ్యి పైనే కావాలి.

అయితే డబ్బా చిన్నది చేస్తే సరి కదా అనిపిస్తుంది. పక్క సగం చేస్తే కణం బరువు ఎనిమిదో వంతుకి పడిపోతుంది, నిజమే, కానీ డబ్బా కంటే పొడవైన తరంగాలు ఆ విశ్వంలో లేనట్టే. సుమారు 150 మెగాపార్‌సెక్‌ల దగ్గర గెలాక్సీల పంపిణీలో కనిపించే బేరియాన్ అకౌస్టిక్ ఆసిలేషన్ గురుతు (తొలినాటి ధ్వని తరంగాల జాడ) మన 74 మెగాపార్‌సెక్‌ల డబ్బాలో ఎలాగూ ఇమడదు. కోమాలాంటి భారీ క్లస్టర్లు అంత చోటులో దొరకడమూ అరుదే. అలాంటివి కావాలనుకుంటే డబ్బా పెద్దది చేయాలి, అప్పుడు కణం బరువెక్కుతుంది. రెండూ కావాలంటే సూపర్‌కంప్యూటరే. 2005లో మిలీనియం సిమ్యులేషన్ వెయ్యి కోట్ల కణాలతో నడిచింది, యూక్లిడ్ టెలిస్కోప్ కోసం చేసిన రెండో ఫ్లాగ్‌షిప్ సిమ్యులేషన్‌లో నాలుగు లక్షల కోట్ల కణాలున్నాయి. మన ప్రశ్న గుంపులు ఎప్పుడు పుట్టాయన్నది కాబట్టి 50 డబ్బా, 128 కణాలు సరిపోతాయి. పక్కకి 256 చేస్తే కణాలు ఎనిమిది రెట్లు అయినా సమయం అంతకు మించి, పదహారు రెట్ల దాకా పట్టొచ్చు, ఎందుకంటే అడుగులు కూడా చిన్నవవుతాయి.

ఇంకొక అంకె ఎంచుకోవాలి, సాఫ్టెనింగ్. మన కణాలు నిజమైన డార్క్ మేటర్ కణాలు కావు, ఒక్కొక్కటీ కోట్ల సూర్యుళ్ల బరువున్న ఊహా ముద్ద. అలాంటివి రెండు మరీ దగ్గరగా వస్తే ఒకదాన్నొకటి విసిరికొడతాయి, అసలు విశ్వంలో అలా జరగదు. అందుకని కొంత దూరం లోపల లాగుడుని మెత్తబరుస్తారు. కణాల మధ్య సగటు దూరంలో 25వ వంతు నుంచి 50వ వంతు మధ్య పెట్టడం ఆనవాయితీ. మనకి సగటు దూరం 390 కిలోపార్‌సెక్ పర్ హెచ్, కాబట్టి 13 దగ్గర పెట్టండి. ఆ దూరానికి కొన్ని రెట్ల లోపల కనిపించే దేన్నీ నమ్మకండి.

మొదటి క్షణం తయారు చేయడం

కణాలని క్రమమైన గ్రిడ్ మీద పేర్చి, ఒక్కోదాన్నీ కొంచెం పక్కకి జరపాలి, ఆ జరపడంలోనే విశ్వం చరిత్ర అంతా ఉంది. ఏ సైజు ఎగుడుదిగుడు ఎంత బలంగా ఉందో చెప్పే పవర్ స్పెక్ట్రమ్‌ని క్యాంబ్ లేదా క్లాస్ అనే కోడ్‌లు ఇస్తాయి, రెండూ పైథాన్‌లోంచి పిలవొచ్చు. పదార్థం వాటా 0.315, హెచ్ 0.674, ఎగుడుదిగుళ్ల ఎత్తు చెప్పే సిగ్మా ఎనిమిది 0.811, పొడవు తరంగాల నుంచి పొట్టి తరంగాలకి వాలు చెప్పే స్పెక్ట్రల్ ఇండెక్స్ 0.965 ఇచ్చి పట్టిక తీసుకోండి. దాన్నుంచి కణాలని ఎంత జరపాలో జెల్డోవిచ్ 1970లో చూపించిన పద్ధతి చెబుతుంది, ఇప్పుడు దానికి రెండో దశ సవరణ కలిపి వాడతారు, టూఎల్‌పీటీ అని. తప్పకుండా రెండోదే వాడండి, ఖర్చు ఏమీ పెరగదు.

మొదలుపెట్టే రెడ్‌షిఫ్ట్ 63 మంచి ఎంపిక, అంటే విశ్వం ఇప్పటి పరిమాణంలో 64వ వంతు ఉన్నప్పుడు. మరీ ఆలస్యంగా, పది దగ్గర మొదలుపెడితే అప్పటికే ముద్దకట్టాల్సినవి కట్టకుండా తప్పిపోతాయి, మరీ ముందు మొదలుపెడితే ఎగుడుదిగుళ్లు ఎంత చిన్నవంటే లెక్కల్లోని దుమ్ము వాటిని మింగేస్తుంది. యాదృచ్ఛిక సంఖ్యలకి ఇచ్చే సీడ్‌ని మాత్రం తప్పక రాసి పెట్టుకోండి. అదే సీడ్ ఇస్తే అదే విశ్వం మళ్లీ వస్తుంది, మన ప్రయోగం మొత్తం దానిమీదే ఆధారపడి ఉంది.

నడపడం

కోడ్ ఏది అంటే గ్యాడ్జెట్-4. ఫోల్కర్ స్ప్రింగెల్ బృందం రాసింది, మాన్యువల్ బాగుంటుంది, మొదటి క్షణం తయారుచేసే పనీ హాలోలు వెతికే పనీ కూడా అందులోనే ఉన్నాయి. పైగా సరిగ్గా మనం లెక్కేసుకున్న సైజే, 50 డబ్బా 128 కణాలది, దాని ఉదాహరణల ఫోల్డర్‌లో సిద్ధంగా ఉంటుంది. ముందు దాన్ని ఏమీ మార్చకుండా నడిపి, అది పనిచేశాక మీ అంకెలు పెట్టండి. విండోస్ వాళ్లు డబ్ల్యూఎస్ఎల్‌లో ఉబుంటు వేసుకోవాలి. సీ ప్లస్ ప్లస్ కంపైలర్, ఎంపీఐ, జీఎస్ఎల్, ఎఫ్ఎఫ్‌టీడబ్ల్యూ, హెచ్‌డీఎఫ్5 లైబ్రరీలు ప్యాకేజ్ మేనేజర్‌తోనే వచ్చేస్తాయి. కంపైల్ కాకపోతే తొంభై శాతం ఏదో ఒక లైబ్రరీ దారి కోడ్‌కి తెలియకపోవడమే.

గ్యాడ్జెట్‌లో రెండు రకాల ఫైళ్లుంటాయని గుర్తుపెట్టుకోండి. ఒకటి కంపైల్ చేసే ముందు ఏ సదుపాయాలు కావాలో చెప్పేది: గ్రిడ్ సైజు 256 అని, హాలోలు వెతకమని, ప్రతి స్నాప్‌షాట్‌తో, అంటే ఒక క్షణంలో కణాలన్నిటి స్థితి రాసిన ఫైల్‌తో, పవర్ స్పెక్ట్రమ్ రాయమని. ఇంకొకటి నడిపేటప్పుడు చదివేది: డబ్బా, సాఫ్టెనింగ్, కాస్మాలజీ అంకెలు, మొదలు, చివర. మొదటిది మారిస్తే మళ్లీ కంపైల్ చేయాలి. ఏయే సమయాల్లో స్నాప్‌షాట్ కావాలో ఒక పట్టికగా ఇవ్వాలి, అది రెడ్‌షిఫ్ట్‌లో కాకుండా స్కేల్ ఫ్యాక్టర్‌లో ఉంటుంది, అంటే ఒకటిని ఒకటి ప్లస్ రెడ్‌షిఫ్ట్‌తో భాగించింది. రెడ్‌షిఫ్ట్ 10, 5, 3, 2, 1, 0.5, 0 చాలు. వీడియో కావాలనుకుంటే వంద దాకా తీయండి, ఒక్కోటి సుమారు 60 ఎంబీ ఉంటుంది కాబట్టి డిస్క్ చూసుకోండి.

ల్యాప్‌టాప్‌ని చార్జర్‌కి పెట్టి, స్లీప్ ఆపేసి, గాలి తగిలే చోట ఉంచండి. మధ్యలో కరెంటు పోయినా, ఆపాల్సి వచ్చినా కోడ్ అప్పుడప్పుడూ రాసే రీస్టార్ట్ ఫైళ్ల నుంచి కొనసాగించొచ్చు, ఆ వ్యవధిని అరగంటకి తగ్గించి పెట్టుకుంటే మంచిది.

నమ్మే ముందు

రన్ ముగిసింది, పైథాన్‌లో గీశారు, దారాలు కనిపించాయి, ఆనందం. గీసేటప్పుడు ఐదారు మెగాపార్‌సెక్‌ల మందం ముక్క తీసుకుని సాంద్రతని లాగ్ స్కేల్‌లో వేయండి, లేకపోతే నాలుగు చుక్కలు తప్ప ఏమీ కనపడదు. కానీ బొమ్మ బాగుంది కాబట్టి ఫలితం సరైనదే అనుకోవడానికి లేదు. తప్పు అంకెలతో నడిపిన విశ్వంలో కూడా దారాలు అంతే అందంగా వస్తాయి.

మొదటి పరీక్ష, చేత్తో లెక్కేయగలిగేది. రెడ్‌షిఫ్ట్ 63 నుంచి విశ్వం 64 రెట్లు సాగింది. పదార్థం ఒక్కటే ఉండుంటే పెద్ద సైజు ఎగుడుదిగుళ్లు కూడా 64 రెట్లు పెరిగేవి. డార్క్ ఎనర్జీ చివర్లో బ్రేక్ వేస్తుంది కాబట్టి మన విశ్వంలో అవి 50 రెట్ల దగ్గరే ఆగుతాయి. పవర్ స్పెక్ట్రమ్ అంటే దాని వర్గం, అంటే సుమారు 2500 రెట్లు. కోడ్ రాసిన మొదటి, చివరి పవర్ స్పెక్ట్రమ్‌లు తీసుకుని అతి పొడవైన తరంగాల దగ్గర ఒకదాన్ని ఇంకోదానితో భాగించండి. 2500 దరిదాపుల్లో వస్తే బండి పట్టాల మీదే ఉంది. ఆ చివర తరంగాలు తక్కువ కాబట్టి కాస్త అటూఇటూ అవుతుంది, కానీ 1000 అనో 6000 అనో వస్తే ఆగి యూనిట్లు వెతకండి. చిన్న తరంగాల దగ్గర ఈ లెక్క పనిచేయదు, అక్కడ పదార్థం కూలిపోయి హాలోలు అయిపోయింది.

రెండోది, అదే సీడ్‌తో పక్కకి 64 కణాలు పెట్టి మళ్లీ నడపడం. రెండింటిలోనూ ఒకే చోట కనిపించే పెద్ద హాలోల బరువులు పోల్చండి. ఎక్కడి నుంచి రెండూ విడిపోతున్నాయో అక్కడే మీ నమ్మకానికి హద్దు గీసుకోవాలి. ఇది విసుగు పుట్టించే పనే, కానీ ఇది చేయకుండా ఒక్క గ్రాఫ్ కూడా ఎవరికీ చూపించకండి.

మూడోది వేరే సీడ్‌లు. ఒక మెతుకు పట్టి చూసి అన్నం ఉడికిందని చెప్పే పద్ధతి ఈ చిన్న డబ్బాలకి కుదరదు. ఒక సీడ్‌లో రెండు భారీ గుంపులు రావచ్చు, ఇంకో దాంట్లో ఒక్కటీ రాకపోవచ్చు. నాలుగైదు సీడ్‌లు నడిపి సగటు తీయాలి. అంత ఓపిక లేకపోతే యాంగులో, పాంట్జెన్ 2016లో చూపించిన దారి ఉంది: తరంగాల ఎత్తులని యాదృచ్ఛికంగా కాకుండా సగటు విలువకే కట్టేసి, ఒక రన్ మామూలుగా, ఇంకోటి ప్రతి ఎత్తునీ పల్లం, ప్రతి పల్లాన్నీ ఎత్తు చేసి నడిపితే, ఆ రెండింటి సగటులోనే ఒడుదుడుకులు చాలావరకు పోతాయి.

గ్యాడ్జెట్ స్నాప్‌షాట్‌లో ఉన్న వేగాలని స్కేల్ ఫ్యాక్టర్ వర్గమూలంతో గుణిస్తేనే అసలు వేగం వస్తుందని కూడా గుర్తుంచుకోండి. రెడ్‌షిఫ్ట్ సున్నా దగ్గర ఈ తేడా కనపడదు, అందుకే చాలామంది గమనించరు, రెడ్‌షిఫ్ట్ 3 దగ్గర వేగాలు రెట్టింపుగా కనిపించి తల గోక్కుంటారు.

ఇక అసలు ప్రయోగం

రెండో విశ్వంలో పదార్థం వాటా 1, డార్క్ ఎనర్జీ సున్నా. హెచ్ మార్చవద్దు. ఇక్కడ ఒక కిటుకు ఉంది: కొత్త అంకెలతో క్యాంబ్‌ని మళ్లీ నడిపితే పవర్ స్పెక్ట్రమ్ ఆకారం కూడా మారిపోతుంది, అప్పుడు ఏ తేడా దేనివల్ల వచ్చిందో చెప్పలేం. అందుకని పాత పట్టికే వాడండి, సిగ్మా ఎనిమిది కూడా పాతదే, సీడ్ కూడా పాతదే. మారేది వ్యాకోచం ఒక్కటే. అలాంటి విశ్వం నిజంగా ఉండదు, అయినా ప్రశ్నకి జవాబు దొరికేది ఇలా చేస్తేనే.

రెండింటినీ పక్కపక్కన పెట్టి ఈనాటి బొమ్మ చూడండి. దాదాపు ఒకేలా ఉంటాయి, అవే దారాలు, అవే ముడులు, అవే చోట్ల. ఇప్పుడు రెడ్‌షిఫ్ట్ 1కి వెనక్కి వెళ్లండి. మన విశ్వంలో అప్పటికే ఎగుడుదిగుళ్లు ఈనాటి ఎత్తులో 61 శాతానికి చేరాయి, డార్క్ ఎనర్జీ లేని దాంట్లో సగమే. పదకొండు శాతం ఏపాటి అనిపిస్తుంది, కానీ భారీ గుంపులు అరుదైన ఎత్తుల నుంచే పుడతాయి కాబట్టి రెండో విశ్వంలో వాటి సంఖ్య చాలా ఎక్కువగా పడిపోతుంది. హాలోలని పోల్చేటప్పుడు బరువుతో కాకుండా కణాల సంఖ్యతో పోల్చండి, ఎందుకంటే రెండో విశ్వంలో ప్రతి కణం మూడు రెట్లకి పైగా బరువు. కణాల సంఖ్య ఒకటే అంటే మొదట్లో ఒకే సైజు చోటు నుంచి వచ్చినవని అర్థం.

అంటే డార్క్ ఎనర్జీ ఉన్న మన విశ్వంలో గుంపులు ముందే పుట్టి తర్వాత నెమ్మదించాయి, అది లేకుండా ఈనాటి స్థితికే చేరాలంటే చాలావరకు ఈమధ్యే పుట్టి ఉండాలి. ఇది కాగితం మీద తమాషా ఎంతమాత్రం కాదు. 1990లలో రెడ్‌షిఫ్ట్ 0.83 దగ్గర ఎంఎస్ 1054 లాంటి బరువైన క్లస్టర్ కనిపించినప్పుడు, పదార్థమే మొత్తం అయిన విశ్వంలో అంత ముందే అంత పెద్దది ఉండటం కష్టమని ఖగోళ శాస్త్రవేత్తలు వాదించింది ఈ లెక్కతోనే. ఇంకొకటి కూడా చూడండి: ఆ రెండో విశ్వం వయసు లెక్కేస్తే దాదాపు 970 కోట్ల ఏళ్లే వస్తుంది, మన 1380 కోట్ల ఏళ్లకి బదులు. పాలపుంతలోని ముసలి నక్షత్రాలు అంతకంటే పెద్దవి.

గెలాక్సీలు కావాలంటే

ఇప్పటిదాకా చేసిన దాంట్లో ఒక్క నక్షత్రం లేదు. వాయువు చల్లబడటం, నక్షత్రాలు పుట్టడం, సూపర్‌నోవాలు, బ్లాక్‌హోల్‌లు వాయువుని తిరిగి బయటికి తోసేయడం, ఇవన్నీ కలిపితే ఖర్చు ఎంతో పెరుగుతుంది, పైగా నక్షత్రం పుట్టేంత చిన్న చోటు ఏ పెద్ద డబ్బాలోనూ కనపడదు కాబట్టి దాన్ని సబ్‌గ్రిడ్ సూత్రాలతో సర్దుతారు. ఆ సూత్రాల్లో కొన్ని అంకెలు ఇప్పటి గెలాక్సీలకి సరిపోయేలా ఎంచుకున్నవే, కాబట్టి దేన్ని సరిచూసుకుని అంకెలు పెట్టారో దాన్నే మళ్లీ జోస్యంలా చెప్పకూడదు. ఇది చదివేటప్పుడు ప్రతి పేపర్‌లోనూ వెతకాల్సిన విషయం.

ఇంట్లో నడపాల్సిన పనిలేదు, డేటా ఉచితంగా ఉంది. వాయువు, నక్షత్రాలు కూడా కలిపి నడిపిన ఇల్లస్ట్రిస్ టీఎన్‌జీ సిమ్యులేషన్ల వెబ్‌సైట్‌లో రిజిస్టర్ అయితే డౌన్‌లోడ్ చేయకుండా వాళ్ల సర్వర్ మీదే పైథాన్ నడుపుకోవచ్చు. టీఎన్‌జీ100లో అన్నిటికంటే చిన్న రెజల్యూషన్ది, మూడో నంబర్ది, తీసుకుని హాలో క్యాటలాగ్‌తో మొదలుపెట్టండి. ప్రతి రన్‌కీ డార్క్ అనే జంట ఉంటుంది, అదే సీడ్, వాయువు లేకుండా. మనం నేర్చుకున్న పద్ధతే: ఒకే హాలోని రెండింటిలోనూ పట్టుకుని, వాయువు, పేలుళ్లు వచ్చాక దాని బరువు, మధ్యభాగం ఎలా మారాయో చూడండి. అంకెలు మారిస్తే ఏమవుతుందో చూడాలంటే క్యామెల్స్ అనే సిమ్యులేషన్ల సంపుటి, ఇంకా పెద్ద గణాంకాలు కావాలంటే 40 వేలకి పైగా రన్‌లున్న కిహోటే, రెండూ అందరికీ తెరిచే ఉన్నాయి.

సొంత డబ్బాతోనే ఇంకో అడుగు వేయాలనుకునేవాళ్లు పవర్ స్పెక్ట్రమ్ పట్టికలో చిన్న తరంగాలని కత్తిరించి వార్మ్ డార్క్ మేటర్ (కాస్త వేగంగా కదిలే కణాలది) విశ్వం నడపొచ్చు. కత్తిరింపు మీ కణాల మధ్య దూరం కంటే బాగా పొడవైన చోట ఉండేలా చూసుకోండి, లేకపోతే ఏ తేడా కనపడదు. అలా నడిపినప్పుడు దారాల వెంట సమాన దూరాల్లో పూసలు గుచ్చినట్టు చిన్న హాలోలు కనిపిస్తాయి, అవి నిజమైనవి కావు, మొదట కణాలని పేర్చిన గ్రిడ్ అలా బయటపడుతోంది. 64, 128 రెండు రన్‌లలోనూ ఆ చోట్లు చూడండి, కణాల సంఖ్య మారగానే ఆ పూసల మధ్య దూరం కూడా మారితే వాటిని లెక్కలోంచి తీసేయండి.